జూన్ పన్నెండున పుట్టినవాళ్ళు

నవంబర్ 1, శనివారం

మధ్యాహ్నం పిల్లల భోజనాలు అవుతుంటే శ్రీశైలం అనే అతను బడికి వచ్చాడు. ఏదో ఫ్యాక్టరీలో వెల్డరు. షిఫ్టు లేని పూటల్లో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాడట. మా దగ్గర చదివి వెళ్ళిన తనుశ్రీ కోసం వచ్చాడు. ఆ పిల్ల ఇప్పుడు హైస్కూల్లో తొమ్మిదో తరగతి. మధ్యలో ఒక ఏడాది పోయింది. ఈ నెలాఖరున స్పోర్ట్స్ హాస్టల్ ఎంపికలు ఉన్నాయట, పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళకు. మొదట చేరింది మా బడిలోనే కాబట్టి, అడ్మిషన్ రిజిస్టర్ చూసి పుట్టిన తేదీ రాసివ్వమన్నాడు.

రిజిస్టర్ తీశాను. 2016. నా రాతే. 12-06-2011. కాగితం మీద రాసి, స్టాంపు వేసి ఇచ్చాను.

అతను అది చూసి అక్కడే నిలబడిపోయాడు. 2012 జనవరి ఒకటి నుంచి పుట్టినవాళ్ళనే తీసుకుంటారట. ఈ పిల్లకు ఆరు నెలలకు పైగా ఎక్కువైంది. ఇంకోసారి చూడండి మేడం అని బతిమాలాడు. రిజిస్టర్లో ఉన్నది ఉన్నట్టే ఇస్తాం, తుడిచి రాయడానికి ఇది పలక కాదు అన్నాను.

ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో నా రిజిస్టర్లో ఒక్క కొట్టివేత లేదు. ఇంటికి వస్తూ ఆటోలో అదే తలుచుకున్నాను.

నవంబర్ 2, ఆదివారం

డాక్టరు రోజుకు నలభై నిమిషాలు నడవమన్నాడు కదా, పొద్దున్నే బయల్దేరాను. ఇంద్రేశం వైపు గాలి బాగుంటుందని అటు వెళ్ళాను. బీరంగూడ నుంచి అంత దూరం నడవలేక సగం దారిలో ఆటో ఎక్కాను. దిగిన చోట గ్రౌండ్ ఉంది. ఆగాను. అంతే.

గ్రౌండ్ అంటే పెద్ద ఏర్పాటేమీ లేదు. మూడు వైపులా కొత్త ప్లాట్ల ప్రహరీలు, మధ్యలో ఎర్రమట్టి నేల, దాని మీద సున్నం గీతలు. గోల్‌పోస్టులు పాత పైపులతో శ్రీశైలమే వెల్డింగ్ చేశాడట. వల బదులు నర్సరీల్లో నీడకు కట్టే ఆకుపచ్చ గుడ్డ. కూర్చోవడానికి సిమెంటు ఇటుకలు. జిన్నారం వైపు నుంచి గాలి మళ్ళినప్పుడు కంపెనీల వాసన వచ్చింది. ఎవరూ ముక్కు మూసుకోలేదు. నేనూ మూసుకోలేదు.

పదహారేళ్ళ లోపు ఆడపిల్లల మ్యాచ్. తనుశ్రీ అందరికంటే పొట్టి. చొక్కా మోకాళ్ళ దాకా ఉంది. ఎదుటి జట్టు పిల్లలు భుజంతో ఒక్కటి తగిలిస్తే చాలు, పడిపోతోంది. నేను చూస్తుండగానే మూడుసార్లు పడింది. పడిన ప్రతిసారీ మోకాలు చూసుకోకుండా బంతి ఎటు పోయిందో చూసి లేచింది.

పక్కన కూర్చున్న ఆవిడ, ఆ చిన్నపిల్లను పెద్దవాళ్ళలో ఎందుకు దింపారని నన్నడిగింది. కాగితం ప్రకారం ఆ పిల్లకు పద్నాలుగు దాటింది, చిన్నవాళ్ళలో ఆడనివ్వరు అన్నాను. నాకెలా తెలుసని ఆవిడ అడగలేదు.

నవంబర్ 3

రాయడానికి ఏమీ లేదు. షుగర్ నూట అరవై.

నవంబర్ 5, బుధవారం

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. కాబట్టి రాస్తాను.

2016 జూన్. బడిబాట రోజులు. మా బడిలో పదిహేను మంది పిల్లలు. ఇరవై లేకపోతే పక్క ఊరి బడిలో కలిపేస్తారని ఆఫీసులో అనుకుంటున్నారు. పక్క ఊరికి వెళ్ళాలంటే పసిపిల్లలు ట్యాంకర్లు తిరిగే రోడ్డు దాటాలి. నేను గడప గడపా తిరిగాను. ఐదేళ్ళు నిండిన వాళ్ళు దొరకలేదు. దొరికిన వాళ్ళు ప్రైవేటు బస్సు ఎక్కేశారు. అప్పుడు నాలుగేళ్ళ వాళ్ళను అడిగాను. ఆ తర్వాత నాలుగు నిండని వాళ్ళను కూడా.

తనుశ్రీ వాళ్ళమ్మ పోశమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు పిల్ల వాకిట్లో చెంబుతో మట్టి ఎత్తి పోసుకుంటోంది. పోశమ్మ అప్పుడు ఎంత కచ్చితంగా చెప్పిందో నాకు బాగా గుర్తు. సద్దుల బతుకమ్మ నాడు పుట్టింది మేడం, మొన్నటి బతుకమ్మకు మూడు నిండినయి, ఇంకా పాలు తాగుతది అంది. ఫరవాలేదు, బడిలో ఆడుకుంటుంది అని చెప్పి తీసుకొచ్చాను. రిజిస్టర్లో ఐదు నిండినట్టు రాశాను. ఏటా బడులు తెరిచే తేదీ జూన్ పన్నెండు. ఆ తేదీ వేస్తే లెక్క సరిపోతుంది. ఆ ఏడు ఐదుగురికి అదే తేదీ వేశాను. తర్వాతి సంవత్సరాల్లో ఎంతమందికో ఇప్పుడు చెప్పలేను.

పిల్ల ఇంట్లోనే పుట్టింది, ఆసుపత్రి కాగితం లేదు. అంగన్‌వాడీ పాత పుస్తకాలు గది కారి తడిసిపోయాయట. ఆధార్ నా కాగితం చూసే ఇచ్చారు. మిగతావన్నీ ఆధార్ చూసి ఇచ్చారు. అంటే ఆ పిల్ల వయసు మొత్తం నా చేతి నుంచి వచ్చింది.

అయినా బడి నిలబడింది. ఇవాళ ముప్ఫై నాలుగు మంది ఉన్నారు, సగానికి పైగా ఒడిశా, బీహార్ కూలీల పిల్లలు. ఆ బడి లేకపోతే వాళ్ళెక్కడికి వెళ్తారు? నేను చేసింది నా కోసం కాదు. నా కోసం ఒక్క రూపాయి తినలేదు.

నవంబర్ 8, శనివారం

ఈయనతో చెప్పాను. ఉప్మా తింటూ విన్నారు. పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళలో రామలింగేశ్వరరావు గారు ఉప్మా మధ్యలో ఆపడం ఇదే మొదలు.

ఫిబ్రవరి ఆఖరుకు రిటైర్మెంటు, అప్పటి దాకా నోరు మెదపకు అన్నారు. తప్పుడు తేదీ రాశానని నువ్వే రాసిస్తే చార్జిమెమో చేతిలో పెడతారు, పెన్షన్ ఏళ్ళ తరబడి ఆపుతారు, మా ప్లాంటులో అలా తిరిగినవాళ్ళను చూశాను అన్నారు. ఒక్క పిల్లకు రాసిస్తే మిగతా పిల్లల తల్లిదండ్రులు వరస కట్టరా అని కూడా అడిగారు. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమే. నేను ముందే అనుకున్న మాటలే. కానీ ఇంకొకరి నోట వింటే నాకు కోపం వచ్చింది.

ఆ తర్వాత, రేపు మ్యాచ్ ఉందా, నేనూ వస్తాను అన్నారు. కుర్రతనంలో ప్లాంటు జట్టుకు ఆడారు లెండి. ఆ సంగతి ఏడాదికి రెండుసార్లు చెబుతారు.

నవంబర్ 9, ఆదివారం

ఈయన వచ్చారు. మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి గీత పొడవునా నడిచారు. నేను బంతిని చూస్తుంటే, బంతి లేని పిల్లల్ని చూడు, అప్పుడు ఆట తెలుస్తుంది అన్నారు. చూశాను. బంతి ఎక్కడికి వస్తుందో తనుశ్రీకి ముందే తెలుస్తోంది. అక్కడికి అందరికంటే ముందు చేరుతోంది. చేరాక పెద్దపిల్లలు వచ్చి గుద్దేసి తీసుకుపోతున్నారు. ఈయన గీత దగ్గర ఆగారు. తర్వాత, ఈ పిల్ల తన ఈడు వాళ్ళలో ఆడితే ఆపేవాళ్ళుండరు అన్నారు. అన్నాక నా మొహం చూసి అటు తిరిగారు.

శ్రీశైలం మాకు టీ తెప్పించాడు. అతనికి ఏమీ తెలియదు, మామూలుగా నవ్వుతూ చెప్పాడు.

"మా టీమ్‌ల నలుగురియి జూన్ పన్నెండే మేడం. ఒక్క కేకుతోని అందరి బర్త్‌డే అయిపోతది."

ఈయన టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నారు. నేను నవ్వాను. బాగానే నవ్వాను అనుకుంటాను.

తనుశ్రీ సంగతి ఇంకో రకంగా చూస్తున్నానని కూడా చెప్పాడు. వేరే ఊళ్ళో పుట్టినట్టు కొత్త సర్టిఫికెట్ చేయించే మనిషి ఉన్నాడట. అన్ని జట్ల వాళ్ళూ చేస్తారట, ఇందులో పరేషాన్ అయ్యేదేం లేదట. నాకు ప్రాణం లేచివచ్చింది. అలాంటివి నాకు చెప్పకూడదు అని మాత్రం అన్నాను, టీచరును కదా.

నవంబర్ 10

శ్రీశైలం దారే మంచిది. ఎవరికీ నష్టం లేదు. నేను సంతకం పెట్టేది లేదు, చూసేది లేదు. పైగా ఆ సర్టిఫికెట్లో ఉండబోయేది ఆ పిల్ల అసలు వయసే. అంటే తప్పు కాదు.

నవంబర్ 12, బుధవారం

ఒడిశా నుంచి వచ్చిన ఒకతను కూతుర్ని చేర్పించడానికి తెచ్చాడు. ఇటుకల కంపెనీలో పని. పుట్టిన తేదీ అడిగాను. "ధాన్ కాట్‌నే కా టైమ్ థా మేడం" అన్నాడు. వరి కోతల కాలమట. ఏ సంవత్సరం అంటే చేతివేళ్ళు చూసుకున్నాడు. నా కలం కాగితం మీద పన్నెండు అని అప్పటికే రాసేసింది. ఆ కాగితం చింపి, ఫోన్ చేసి భార్యను అడిగి రమ్మని పంపాను. అతను అవమానపడ్డాడేమో. పిల్ల మాత్రం వెళ్తూ చెయ్యి ఊపింది.

నవంబర్ 16, ఆదివారం

ఇవాళ పోశమ్మ గ్రౌండుకు వచ్చింది. ఏదో మందుల కంపెనీ క్యాంటీన్లో రొట్టెలు చేస్తుంది, ఆదివారం సెలవు దొరికిందట. నన్ను చూడగానే చెప్పులు విడిచింది. ఇది బడి కాదు పోశమ్మా, చెప్పులేసుకో అంటే సిగ్గుపడుతూ వేసుకుంది. పక్కనే ఇటుక చూపించినా కూర్చోలేదు.

కొత్త సర్టిఫికెట్ సంగతి తనే ఎత్తింది. శ్రీశైలం సారు అడిగితే వద్దన్నదట. నేను ఎందుకు వద్దన్నావు అని అడిగాను. ఆమె చెప్పింది మాట మాటా రాస్తున్నాను.

"మీరు రాసిన కాయితం ఉండంగ ఇంకో దొంగ కాయితం ఎందుకు మేడం? ఇగ దానికి రాసిపెట్టి లేదనుకుంట."

నీకు ఆ పిల్ల ఎప్పుడు పుట్టిందో గుర్తులేదా అన్నాను. 

"మా తమ్మునికి లగ్గమైన ఏడు సద్దుల బతుకమ్మ నాడు అనుకుంటుంటి. అది గాదేమో మేడం. అంతకు ముందటేడేమో. మీరు సదువుకున్నోళ్ళు, లెక్క జూసే రాస్తరు గద. నేనే యాదిమరిచిన."

నేను అప్పుడు చెప్పవలసింది. టీ తాగుతావా అని అడిగాను.

ఒక తల్లి తన బిడ్డను కన్న రోజును నా రాత చూసి మరిచిపోయింది. నొప్పులు పడ్డ మనిషి. ఆ రోజు ఊరంతా పూలు పేర్చుకుంటుంటే ఇంట్లో పడుకున్న మనిషి. నా ముత్యాల్లాంటి అక్షరాలు చూసి, తనదే పొరపాటు అనుకుంది. నాకు సిగ్గేసింది. ఇంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు.

నవంబర్ 17

చెప్పడానికి అవకాశం రాలేదు.

నవంబర్ 18

వచ్చింది. నేను చెప్పలేదు.

నవంబర్ 20, గురువారం

సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని రాశాను. మొదటి కాగితంలో 'పొరపాటు దొర్లినది' అని వచ్చింది. పొరపాటు తనంతట తాను దొర్లిందా? చించేశాను. రెండోదాంట్లో బడి గురించి, ట్యాంకర్ల రోడ్డు గురించి, ఇరవై మంది గురించి పేజీన్నర రాశాను. చదువుకుంటే నాకు సన్మానపత్రంలా ఉంది. అదీ చించేశాను. మూడోది ఐదు వాక్యాలు. పిల్లకు నాలుగేళ్ళు నిండలేదని తల్లి చెప్పినా, బడిలో సంఖ్య కోసం ఐదు నిండినట్టు నేనే తప్పు తేదీ రాశానని, అసలు పుట్టింది 2012 సద్దుల బతుకమ్మ రోజని, సరిచేయమని.

ఎంఈవో ఆఫీసుకు నేనే తీసుకెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివాడు. నా కంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. తలుపు దగ్గరికి వేసి వచ్చి అడిగాడు.

"మేడం, గిదిప్పుడు అవసరమా? మూడు నెలలైతే ఇంటికి పోతరు."

అవసరమే అన్నాను. పైకి పంపక తప్పదు, తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు అన్నాడు. తెలుసన్నాను. నా దగ్గరి నకలు మీద కూడా అందినట్టు స్టాంపు వేయించాడు. వస్తుంటే గుమ్మం దాకా వచ్చాడు.

ఈయనకు చెప్పాను. అరవలేదు. అరిచినా బాగుండేది.

నవంబర్ 21

ఇంట్లో మాటల్లేవు. పప్పులో ఉప్పు ఎక్కువైందని కూడా అనలేదు.

నవంబర్ 22, శనివారం

సాయంత్రం పేపరు మడుస్తూ, "రేపు మ్యాచ్ ఎన్నింటికి?" అన్నారు. ఏడున్నరకు అన్నాను.

నవంబర్ 23, ఆదివారం

ఇది నిజాయితీగా రాయాలి. పొద్దున గంజి పెట్టిన చీర తీసి కట్టుకున్నాను. పోశమ్మ నా చేతులు పట్టుకుంటుందని, కళ్ళు తుడుచుకుంటుందని, నేను ఫరవాలేదులే అంటానని దారి పొడవునా ఊహించుకున్నాను. ఏమనాలో మాటలు కూడా పేర్చుకున్నాను.

ముందు శ్రీశైలానికి నకలు ఇచ్చాను. చదువుతూ చదువుతూ నా వంక చూశాడు. నలుగురు జూన్ పన్నెండు పిల్లల లెక్క అతనికి అప్పుడు అర్థమైంది.  ఈ స్టాంపు చూపిస్తే ఎంపికల్లో ఆడనిస్తారని, తేదీ మార్చినట్టు కాగితం వచ్చాకే సీటు ఖాయమవుతుందని చెప్పాడు. కాగితం జాగ్రత్తగా మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఆట నడుస్తుండగా పోశమ్మ దగ్గరకు వెళ్ళి నిలబడే చెప్పాను. నువ్వు చెప్పిన రోజే కరెక్టు, నీకు బాగానే గుర్తుంది, నేనే తెలిసి తప్పు రాశాను, పెద్ద ఆఫీసుకు రాసిచ్చాను అన్నాను.

ఆమె నా చేతులు పట్టుకోలేదు. గ్రౌండు వైపు చూసింది. వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుంది. తర్వాత అడిగింది.

"అంటే బడిల ఏసిన్నాడు దానికి నాలుగు గూడ నిండలే."

లేదు అన్నాను.

"మూడో తరగతిల మీరే పిలిపిచ్చిండ్రు. దీని బుర్రకు ఎక్కుతలేదు, ఇంకో ఏడు గదే తరగతిల కూసోవెడుదమని."

అవును. నేనే పిలిపించాను. మధ్యలో ఒక ఏడాది పోయింది అని ఈ పుస్తకంలో మొదటి రోజు రాసుకున్నాను. ఎలా పోయిందో రాయలేదు.

"గప్పుడు నేను శాన కొట్టిన మేడం. చీపురుతోని కొట్టిన. నీ తోటోళ్ళంత సదువుతుండ్రు, నీకేమొచ్చిందే అని. అదేమో ఏడ్సుకుంట పలక పట్టుకొని కూసునేది. వాళ్ళు దాని తోటోళ్ళే గాకపాయె."

ఆమె గొంతు పెంచలేదు. నా మీద ఒక్క మాట అనలేదు. నేను పేర్చుకున్న మాటల్లో దీనికి సరిపోయేది ఒక్కటీ లేదు. క్షమించు పోశమ్మా అన్నాను. ఆమె విన్నదో లేదో తెలియలేదు.

విజిల్ వేశారు, సగం ఆట అయింది. తనుశ్రీ నీళ్ళ సీసా కోసం మా వైపు వస్తోంది. పోశమ్మ అప్పుడు నా మొహంలోకి సూటిగా చూసింది. ఇన్నేళ్ళలో ఆమె నన్ను అలా చూడటం ఇదే మొదటిసారి.

"గీ ముచ్చట దానికి మీరే చెప్పాలె. నేను చెప్తె నమ్మది. మొద్దని చెప్పింది మీరే గద."

చెప్పాను. సున్నం గీత పక్కన నిలబడి, ఈయన, శ్రీశైలం, మిగతా పిల్లలు అందరూ వింటుండగానే చెప్పాను.  నువ్వు నీ క్లాసు పిల్లల కంటే ఏడాదిన్నర చిన్నదానివి, నీకు అప్పుడు చదువు రాకపోవడం నీ తప్పు కాదు, నిన్ను ఆ క్లాసులో కూర్చోబెట్టిన నా తప్పు అన్నాను. పిల్ల సీసా మూత తీసి పట్టుకుని వింది. తాగలేదు. ఎంపికల గురించి అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"అయితే మూడో తరగతి నేను ఫెయిల్ కాలేదా మేడం?"

కాలేదు అన్నాను.

మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను.